ఆన్‌లైన్ ఉపకరణాల పేటిక: ప్రోగ్రామర్లు పరిశీలించవలసిన అంశాలు

సాఫ్ట్‌వేరు రచనలో చిల్లర పనులకు కొదవ లేదు. ఒకే పంక్తిలో కిక్కిరిసి వచ్చిన జేసన్ పాఠాన్ని విడదీసి చూడాలి. బేస్64 రూపంలో ఉన్నదాన్ని విప్పాలి. సెకన్ల సంఖ్యగా నమోదైన కాలాన్ని తేదీగా మార్చాలి. రెండు ఫైళ్ళ నడుమ తేడా పట్టుకోవాలి. ఇటువంటి పనులన్నింటినీ ఒకచోట చేర్చిన పేటికలు అంతర్జాలంలో లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. వాటిలో అధికభాగం ఉచితం. హోసూరు నుండి, బళ్ళారి నుండి బెంగళూరు కార్యాలయాలకు చేరిన తెలుగు యువతకు ఇవి నిత్యావసరాలే.

పేటికలో ఎన్ని ఉపకరణాలున్నాయి, పేజీ ఎంత పొందికగా ఉంది అని చూసి ఎంచుకోవడం పరిపాటి. వీటికంటే ముందు విచారించవలసినది, అందులో అతికించిన పాఠం ఎక్కడికి పోతుందన్న విషయం. కొన్ని పేటికలు పనిని వాడుకరి బ్రౌజరులోనే పూర్తి చేస్తాయి. మరికొన్ని పాఠాన్ని తమ సర్వరుకు పంపి ఫలితాన్ని తెప్పిస్తాయి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ భేదం ఎంతటిదో 2025 నవంబరులో వెల్లడైంది. జేసన్‌ఫార్మాటర్, కోడ్‌బ్యూటిఫై అనే రెండు ప్రసిద్ధ స్థలాలలో వాడుకరులు భద్రపరచిన పాఠాలను వాచ్‌టవర్ అనే భద్రతా పరిశోధన సంస్థ పరిశీలించింది. దొరికినవి 80,000కు పైగా. వాటిలో సంకేతపదాలు, క్లౌడు ఖాతాల తాళాలు, వ్యక్తుల వివరాలు ఉన్నాయి. ఇందుకు ఎవరూ తాళం పగలగొట్టవలసిన అవసరం కలగలేదు. భద్రపరచే మీట నొక్కినపుడు పుట్టిన లింకులు ఊహించగలిగే తీరులో ఉండడం, ఇటీవలి లింకుల జాబితా బహిరంగంగా ఉండడం చాలినవి. పరిశోధకులు ఎరగా ఒక ఉత్తుత్తి తాళాన్ని 24 గంటల గడువుతో అక్కడ ఉంచగా, గడువు తీరిన తరువాత కూడా ఎవరో దానిని ప్రయోగించి చూశారు. అంటే ఆ పేజీలను గాలిస్తున్నవారు అప్పటికే ఉన్నారు.

పాఠం బయటికి పోతున్నదో లేదో కనుగొనడం కష్టమేమీ కాదు. బ్రౌజరులో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ విభాగం తెరచి, ఒక ఉత్తుత్తి పాఠాన్ని అతికించి చూడవచ్చు. ఆ క్షణంలో కొత్త అభ్యర్థన బయలుదేరి అందులో ఆ పాఠం కనిపిస్తే సంగతి తేలినట్లే. పేజీ తెరచిన పిదప నెట్ కనెక్షను తీసివేసి పనిచేయించడం మరొక పరీక్ష. అయితే ఈ పరీక్షలు ఆ రోజు స్థితిని మాత్రమే చెబుతాయి. స్థలం యజమాని మారవచ్చు, ప్రకటనల కోసం చేర్చిన బయటి స్క్రిప్టు మారవచ్చు. పాలీఫిల్ అనే సేవ డొమైను 2024లో చేతులు మారిన తరువాత, దాని స్క్రిప్టును వాడుకొంటున్న లక్షకు పైగా వెబ్‌సైట్లకు హానికర సంకేతం చేరిన ఉదంతం తెలిసిందే.

కనుక మూలసంకేతం బహిరంగంగా ఉండి, సొంత కంప్యూటరులో దింపుకొనే వీలున్న పేటికలకు ప్రాధాన్యమివ్వడం ఉచితం. బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ 2016లో విడుదల చేసిన సైబర్‌చెఫ్ ఈ కోవలో పేరెన్నికగన్నది. మొత్తం పని బ్రౌజరులోనే జరుగుతుంది, దింపుకొని నెట్ లేకుండా నడపవచ్చు. నిఘా సంస్థ వస్తువును నమ్మడమేమిటని నవ్వేవారు లేకపోలేదు. మూలం చదువుకొనే వీలుంది గనుక నమ్మకం మీద ఆధారపడే పని అంతగా లేదు. ఐటీ-టూల్స్‌ను సంస్థ తన సర్వరులోనే నెలకొల్పుకోవచ్చు. డెవ్‌టాయ్స్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఇన్‌స్టాల్ చేసుకొనే రకం.

రహస్యం తరువాతి విషయం కచ్చితత్వం. ఇక్కడ తెలుగు లిపి చక్కని గీటురాయి. ‘తెలుగు’ అన్న మాట తెర మీద మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు, బేస్64లో 24 అక్షరాలు. ఆ 24లో ప్రతి నాలుగక్షరాల గుంపూ 4 అంకెతో మొదలై, వెంటనే పెద్ద ఎల్ ఉండాలి. జావాస్క్రిప్టులోని బీటూఏ అనే ఫంక్షను 255 దాటిన సంకేతసంఖ్యను స్వీకరించదు. దానిని యథాతథంగా వాడిన ఉపకరణం తెలుగు చూడగానే దోషం చూపుతుంది, అది పక్కన పెట్టదగినది.

సరిహద్దు జిల్లాలవారి పేర్లతో, చిరునామాలతో పనిచేసేవారికి సంకేతసంఖ్య చూపే ఉపకరణం తప్పనిసరి. తెలుగు అక్షరాలకు 3072 నుండి 3199 వరకు, కన్నడానికి ఆ వెంటనే 3200 నుండి 3327 వరకు స్థానాలున్నాయి. తెలుగు ‘ర’ 3120, చూపుకు దాదాపు అదే అయిన కన్నడ ‘ర’ 3248. రెండు లిపులు కలగలిసిన పేరు కంటికి సరిగానే కనబడి, వెదకినపుడు దొరకదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలోనూ చిక్కే: అక్షరం అన్న వర్గం ‘త’ను పట్టుకొంటుంది, దాని ఎత్వాన్ని పట్టుకోదు. గుర్తుల వర్గాన్ని వేరుగా చేర్చాలి.

సంఖ్యలను కూడా పరీక్షించాలి. 9007199254740993 ఉన్న జేసన్‌ను అతికించినపుడు చివరి 3 కాస్తా 2గా మారితే, ఆ ఉపకరణం బ్యాంకు లావాదేవీల పొడవైన గుర్తింపు సంఖ్యలకు పనికిరాదు. కాలం మార్చే ఉపకరణంలో సున్నా ఇస్తే భారత కాలమానం ప్రకారం 1970 జనవరి 1 ఉదయం 5:30 రావాలి. పది అంకెలైతే సెకన్లు, పదమూడైతే మిల్లీసెకన్లు అని గ్రహించగలగాలి.

లాగిన్ టోకెన్లను విప్పి చూసేటపుడు మరింత జాగ్రత్త అవసరం. జేడబ్ల్యూటీ టోకెనులో ఉండే సమాచారం సాధారణంగా గుప్తీకరించినది కాదు, ఎవరైనా చదవగలరు. గడువు తీరనంతవరకు ఆ టోకెనే ఖాతాకు తాళం చెవి. అటువంటి దానిని ఇదివరకే ఏదైనా పేజీలో భద్రపరచి ఉంటే, అక్కడ తొలగించినంత మాత్రాన సరిపోదు. ఆ టోకెనును, దానితోపాటు బయటపడిన సంకేతపదాలను వెంటనే రద్దు చేసి కొత్తవి తీసుకోవాలి. పాత వాటితో ఎవరైనా ప్రవేశించారేమో ఖాతా లాగులలో చూసుకోవాలి.