పెప్పర్డ్ మాత్

ప్రకృతి వరణానికి పాఠ్యపుస్తకాలు తరచుగా చూపే ఉదాహరణ. బ్రిటన్‌లో రాత్రిపూట ఎగిరే ఈ రెక్కల పురుగు శాస్త్రీయ నామం బిస్టన్ బెట్యులేరియా. తెల్లని రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్లు నల్ల చుక్కలుంటాయి. పగలు చెట్టును కరుచుకుని కదలకుండా ఉంటుంది. లైకెన్లు పట్టిన బెరడు మీద దీన్ని పోల్చుకోవడం కష్టం.

1848లో మాంచెస్టర్‌లో ఒళ్లంతా నల్లనిది ఒకటి దొరికింది. అప్పటికే ఫ్యాక్టరీల పొగకు లైకెన్లు చచ్చి, చెట్లు మసిబారుతున్నాయి. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. ఏ పురుగూ తన రంగు తాను మార్చుకోలేదు. మసి చెట్ల మీద తెల్లవి పక్షుల కంటపడ్డాయి, తప్పించుకున్న నల్లవి పిల్లల్ని కన్నాయి. ఈ వివరణను 1896లో జె. డబ్ల్యు. టట్ ప్రతిపాదించాడు. ఇంత వేగంగా మార్పు రావాలంటే నల్లవాటి సంతానం తెల్లవాటి కంటే ఒకటిన్నర రెట్లు ఉండాలని 1924లో జె. బి. ఎస్. హాల్డేన్ లెక్కగట్టాడు.

లెక్క సరే, పక్షులు నిజంగా తింటున్నాయా? బెర్నార్డ్ కెటిల్‌వెల్ పురుగులకు రంగు గుర్తులు పెట్టి వదిలి, మళ్లీ పట్టి చూశాడు. 1953లో బర్మింగ్‌హామ్ దగ్గరి మసి అడవిలో నల్లవి ఎక్కువగా తిరిగి దొరికాయి. 1955లో డోర్సెట్‌లోని శుభ్రమైన అడవిలో తెల్లవి. అయితే ఆయన పురుగుల్ని పట్టపగలు మాను మీద వదిలాడు. మామూలుగా అవి ఎక్కువగా కొమ్మలనే ఆశ్రయిస్తాయి. ఈ లోపాన్ని పట్టుకుని కొందరు ప్రయోగాన్నే మోసమన్నారు. అది అన్యాయమైన మాటే గానీ, పద్ధతి మీద విమర్శలో పస ఉంది. అందుకే మైఖేల్ మాజెరస్ కేంబ్రిడ్జ్ దగ్గర తన తోటలో 2001 నుంచి ఆరేళ్లకు పైగా శ్రమించి, 4,864 పురుగులతో పరీక్షను మళ్లీ చేశాడు. అవి తమంతట తాము చోటు వెతుక్కునేలా రాత్రిపూట వదిలాడు. పొగ తగ్గిన ఆ ప్రాంతంలో పక్షులకు నల్లవే ఎక్కువగా దొరికాయి. ఆయన 2009లో మరణించాడు. ఫలితాలను సహచరులు 2012లో ప్రచురించారు.

1956 స్వచ్ఛ వాయు చట్టం తర్వాత గాలి తేటపడే కొద్దీ నల్లవి తగ్గుతూ వచ్చాయి, నేడు అరుదు. నలుపుకు కారణం కార్టెక్స్ జన్యువులోకి చొరబడిన ఒక డి.ఎన్.ఎ. ముక్క అని 2016లో లివర్‌పూల్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మార్పు 1819 ప్రాంతంలో జరిగి ఉంటుందని వారి అంచనా.