బోరునీళ్లు, బాబా నీళ్లు, క్యాను నీళ్లు

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉంది తనకల్లు. పక్కనే పాపాగ్ని, ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఒట్టి ఇసుకే. ఇక్కడ చాలా ఇళ్లలో నీళ్లు రెండు రకాలు. తొట్టిలో బోరునీళ్లు, గిన్నెలకీ గొడ్లకీ. గడపలోపల ఇరవై లీటర్ల క్యాను, తాగడానికి. ఈ వేరుకాపురం వెనక ఉమ్మడి అనంతపురం జిల్లా ఫ్లోరైడ్ కథంతా ఉంది.

దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట గుర్తించింది తెలుగు నేలమీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. అనంతపురం అప్పటికి చేదబావులతోనే నెట్టుకొస్తోంది. బావులు ఎండాక బోర్లొచ్చాయి. కరవొస్తే నాయకుడు చేసే మొదటి పని బోరు మంజూరు. టెంకాయ కొట్టి యంత్రం దింపితే ఊరు చల్లబడేది. కాని లోతుకు పోయేకొద్దీ నీరు గ్రానైటు రాతిలో ఎక్కువకాలం నానుతుంది, ఫ్లోరైడ్‌ను లాగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, ఏళ్లు గడిస్తే మోకాళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. కరవుకు వేసిన మందే ఇంకో జబ్బుకు దారి తీసిందని నాకనిపిస్తుంది. పాలకులకు మాత్రం ఇది నీటి కొరతే, రోగం కాదు.

అందుకే కాబోలు, పెద్ద అడుగు సచివాలయంలో పడలేదు, సత్యసాయి బాబా ఉండే పుట్టపర్తిలో పడింది. 1995 నవంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు సత్యసాయి తాగునీటి పథకాన్ని ప్రారంభించారు. దాదాపు 750 పల్లెలు. తుంగభద్ర, చిత్రావతి జలాశయాల నీళ్లు, పెన్న ఇసుకలో తవ్విన బావులు. సత్యసాయి ట్రస్టు కట్టించి ప్రభుత్వానికి అప్పజెప్పింది. 'బాబా నీళ్లు' అన్న పేరు అలా నిలిచింది. ఓట్లడిగేవాళ్లకు ఇది కొంత ఇబ్బందే! కట్టడం పూర్తయినా నడపడం మిగిలింది: పంపుల దగ్గర పనిచేసేవాళ్లు జీతం బాకీల కోసం ఎన్నోసార్లు సమ్మెకు దిగారు, పల్లెల్లో బిందెలు మళ్లీ బోరు దగ్గర వరసకట్టాయి.

2014 అక్టోబరు 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకం తెచ్చారు: అప్పట్లో రెండు రూపాయలకు ఇరవై లీటర్ల క్యాను. నదిని ఊరికి తెచ్చే ఆలోచన పక్కకు జరిగి, ఊరి బోరునీళ్లనే ప్లాంటులో శుద్ధి చేసుకునే పద్ధతి వచ్చింది. సులువే. కాని ప్లాంటు వెనక గొట్టం చూడండి. ఫ్లోరైడ్ చిక్కబడ్డ నీళ్లు మురుగుకాలువలో పడి, పది అడుగుల అవతల మట్టిలోకి ఇంకుతుంటాయి.