గడిలో ఒంటరి చాకిరి



పని బరువైనప్పుడే మనుష్యుడు దానిని విడిచిపోవునని లోకము తలచును. జనగామ తాలూకా చరిత్రను చదివినకొలది నాకీ మాటపై నమ్మకము సడలినది. వెట్టిచాకిరి యన నేమో తమకు వేరుగ చెప్పనక్కరలేదు. తమలో పెక్కురు పెద్దల నోట వినియే యుందురు. ఈ పూట నేను విన్నవింపబూనినది ఆ చాకిరి చేసినవారి మనస్సును గూర్చి.

నిజాము పాలనలో దేశముఖుల గడులయందు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పని నిర్ణయమై యుండెను. చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, గొల్ల గొర్రెను తోలుకొని రావలెను. వెలివాడలలో ఇంటికొక్కడు కావలియుండి, కాగితము చేతబట్టి పొరుగూళ్లకు నడచిపోవలెను. కూలి లేదు, బత్తెము లేదు. దొర బండి కదలినచో ముందొకడును వెనుకనొకడును పరుగెత్తవలెను. ఊరంతయు వెట్టి చేయుచున్నను ప్రతివాడును తన వంతులో ఒంటివాడే. కాగితము మోయువాని గోడు కుండలు చేయువాడు వినడు. ఎవని దినము వానిది.

అన్నింటికంటె హృదయమును కలచునది ఆడబాపల బ్రతుకు. దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు సామానులతోపాటు పనిపిల్లలను గూడ వెంట నిచ్చి పంపుచుండిరి. తల్లి యొక యూర, తాను వేరొక యూర. గడిలో చుట్టును మనుష్యులే, తనవారనదగినవారు లేరు. వారి మానమునకును రక్షణ లేకుండెను.

మరి ఏల విడిచిపోలేదని నేను బడిపిల్లలను అడుగుచుండెడివాడను. భయముచేతనని వారనెడివారు. సత్యమే, కాని సగము. 1889లో రైలు మానుకోట మీదుగా బెజవాడకు సాగినది; ఇల్లెందు ప్రాంతమున సింగరేణి బొగ్గుగనులు నడచుచుండెను. కూలి దొరకు చోటు బొత్తిగ లేకపోలేదు. కాని అప్పు ఇంటిల్లిపాది మెడకు చుట్టుకొనియుండ, ఒక్కడు రైలెక్కినంతమాత్రమున అది తెగునా? అప్పుకు కట్టుబడిన జీతగాండ్ర భగేలా ఒప్పందములను అదుపుచేయ 1936లో చట్టము వచ్చెను. ఒంటివానికి చట్టముతో నేమి పని? కచ్చేరి త్రోవయు అతనికి దొర వాకిటి మీదుగనే.

1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ జరిగిన పిదప ఊరూర సంఘములు లేచెను. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పంటను విసునూరు దేశముఖు మనుష్యులు కోసికొనిపోవ వచ్చిరి. సంఘమువారు అడ్డువచ్చి ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. 1945-46 నాటి మాట యిది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై గడివారు కాల్పులు జరుప దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. పిమ్మట జనులు గుంపులు గుంపులుగ ఊరినుండి ఊరికి నడచిరి. కొద్ది వారములలో ఎన్నియో ఊళ్లలో వెట్టి నిలిచిపోయెను.

ఆ యేడు కుండల లెక్క పెరుగలేదు, నడక దూరము పెరుగలేదు. పెరిగినది పక్కవాడు పలికిన మాట. మన భాషలో 'మేము' వేరు, 'మనము' వేరు. వినువానిని గూడ కలుపుకొనునది రెండవది. వ్యాకరణము చెప్పి బ్రతికినవాడనగుటచే నాకీ భేదము చరిత్రలోను కనబడుచుండును. క్షమింపుడు.

ఆడబాపలకు మాత్రము ఆ 'మనము' ఆలస్యముగ అందినది. 1980 ప్రాంతమున భూపాలపల్లి వైపు ఒక పల్లెలో నేను క్రొత్తగ ఉపాధ్యాయుడనై చేరినపుడు బడి ప్రక్క నొక ముదుసలి యుండెడిది. దొర పట్నమునకు పారిపోయిన నాడు గడిలోని చాకిరివారందరు ఎవరి యిండ్లకు వారు పోయిరట. ఆమె రెండు దినములు గడి అరుగుమీదనే కూర్చుండెనట.

"మీ ఊరికి పోలేదేమమ్మా?" యని యడిగితిని.

"ఊరి పేరు ఎరుకే సారూ, తొవ్వనే ఎరుక లేదు. దొరసాని వెనుక బండిల కూసోని రాత్రిపూట వస్తి" ననెను.

మూడవనాడు కుమ్మరి యింటి యిల్లాలొకతె వచ్చి, ఆమె చేయి పట్టుకొని తన యింటికి తీసికొనిపోయినదట.