‘అని’ – ‘దట్’: ఒక చారిత్రక పరిశీలన

ఆంగ్లమున ‘గ్లాడ్’, ‘సారీ’, ‘ట్రూ’ వంటి విశేషణములకు పిమ్మట ‘దట్’తో ఉపవాక్యము చేరును. ‘దట్’ మూలమున నిర్దేశక సర్వనామము. తెలుగు ‘అని’ పలుకుటను తెలుపు ‘అను’ ధాతువుయొక్క క్త్వార్థకము. కేంబెల్ (1816), బ్రౌన్ (1840) ఆంగ్లమున తెలుగు వ్యాకరణములు వెలయించిన పిమ్మట ఈ రెండు వాక్యరీతులను సరిపోల్చు అవకాశము కలిగినది. అవి సర్వత్ర సమానములు కావు. ఈ భేదము నిత్యవ్యవహారమున స్పష్టము. పశువుల సంతకు పేరొందిన పెబ్బేరున ‘ధర తగ్గిందని బాధ’ యన్నచో ఆంగ్ల విశేషణమునకు బదులు నామము నిలిచి, ‘అని’ మనఃస్థితికి హేతువును తెలుపును. ‘ధర తగ్గింది నిజమే’ యన్నచో ‘అని’ పొసగదు. ‘తగ్గినది’ యను క్రియాజన్యనామమే కర్తయగును. కనుక అనువాదకుడు ‘దట్’ను గాక విశేషణమును పరికించి రూపమును నిర్ణయింపవలెనని మేము తలంచుచున్నాము.