త్రీనాట్‌త్రీ బోల్టు లొడలొడ: మారిస్తే లాభముందా?

ఈ ఎపిసోడ్‌ని ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడతాను.

పాత పోలీస్ తుపాకుల మీద ముందు ఒక వీడియో చేశా కదా. అందులో త్రీనాట్‌త్రీ రైఫిల్ బోల్టు లొడలొడలాడుతుంది కాబట్టి గురి కుదరదు, టైటుగా ఉండే బోల్టు వేసుంటే ఇంకో ఇరవై ఏళ్లు పనికొచ్చేది అని గట్టిగా చెప్పేశాను. హిందూపురం వైపు నుంచి ఒక రిటైర్డ్ కానిస్టేబుల్ ఫోన్ చేశారు. "ఏం నాయనా, బోల్టు తెరిచి ఊపి చూసినావా, మూసి ఊపి చూసినావా?" అని ఒక్కటే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

నాకా నమ్మకం ఎన్‌సీసీ క్యాంపులో పట్టుకుంది. పాయింట్ టూటూ రైఫిల్‌తో ఐదు రౌండ్లు కొట్టిస్తే, నావి ఐదూ ఐదు ఊళ్లలో పడ్డాయి. బోల్టు చేతిలో ఆడుతోంది కదా, తప్పు దానిదే అనుకున్నా. అదే రైఫిల్‌తో నా తర్వాతోడు ఐదూ అగ్గిపెట్టెంత చోట్లో వేశాడు. ఆ సంగతి మాత్రం హాయిగా మర్చిపోయా.

సరే, అసలు విషయం. త్రీనాట్‌త్రీ అని మనం పిలిచేది లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. బోల్టు డిజైన్ జేమ్స్ పారిస్ లీ అనే ఆయనది. మన ఊళ్లలో కనిపించిన మోడల్ మూలం 1907 నాటిది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారైంది.

బోల్టు అంటే తలుపు గడియ అనుకోండి. తెరిచి ఉన్నప్పుడు గడియ అటూ ఇటూ ఆడుతుంది. లోపలికి తోసి తిప్పితే రెండు చెవులు ఫ్రేములో గాళ్లలోకి వెళ్లి కూర్చుంటాయి. తూటా పేలినప్పుడు గ్యాస్ ఒత్తిడి బోల్టుని వెనక్కి తోసి, ఆ చెవుల్ని ఫ్రేముకు అదిమేస్తుంది. ఇక ఆడటానికి చోటేదీ? అంటే తెరిచినప్పుడు చేతికి తగిలే లొడలొడకీ గురికీ దాదాపు సంబంధం లేదు. గురి చూడాలంటే బ్యారెల్ అరిగిందా, కట్టెలో సరిగ్గా కూర్చుందా, రెండు చెవులూ సమానంగా ఆనుతున్నాయా అన్నది చూడాలి. ట్రిగ్గర్ నొక్కే వేలిని కూడా చూడాలి, నా కేసులో లాగా.

మరి లూజు పట్టించుకోవాల్సిన చోటు లేదా? ఉంది. బోల్టు మూశాక దాని ముఖానికీ, తూటా అంచు ఆనే చోటుకీ మధ్య ఉండే ఖాళీ. దాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది పెరిగితే ఇత్తడి గొట్టం సాగుతుంది, ఒక్కోసారి చీలుతుంది, వేడి గ్యాస్ వెనక్కి మొహం వైపు వస్తుంది. దీనికి సైన్యం ఏం చేసిందో చూడండి, నాకు భలే నచ్చింది. బోల్టు తలని విడి ముక్కగా, మరతో బిగించేలా చేశారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 4 మోడల్‌కి ఆ తల 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో వచ్చేది. ఒక్కో సైజుకీ తేడా అంగుళంలో వెయ్యింట మూడు వంతులు, దాదాపు ఒక వెంట్రుక మందం! ఆర్మరర్ గేజ్ పెట్టి చూసి, తల మాత్రమే మార్చేవాడు. బోల్టు మీద ఆ రైఫిల్ నంబరే కొట్టి ఉంటుంది. పక్క రైఫిల్ బోల్టు టైటుగా ఉందని తెచ్చి దీనికి పెడితే కొలత చెడుతుంది.

అసలు అంత లూజు ఎందుకు వదిలారు? జవాబు కెనడా వాళ్లకు బాగా తెలుసు. వాళ్ల రాస్ రైఫిల్ మంచి టైటు, గురి అద్భుతం. 1915 ఏప్రిల్‌లో ఈప్ర యుద్ధంలో బురదా, కొలత కాస్త అటూ ఇటూ ఉన్న బ్రిటిష్ తూటాలూ తగిలేసరికి బోల్టు బిగుసుకుపోయింది. బూటుకాలితో తన్ని తెరిచారు! వెయ్యి మందికి పైగా సైనికులు దాన్ని పారేసి, చనిపోయిన బ్రిటిష్ వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్‌లు తీసుకున్నారు. 1916లో రాస్‌ని ముందు వరుస నుంచి తప్పించారు. స్నైపర్లు మాత్రం వదల్లేదు, ఎందుకంటే తుపాకీని తుడుచుకునే తీరిక వాళ్లకుంది. మా ఆఫీసులో ఒకడు పాత కోడ్ 'శుభ్రం' చేసి శుక్రవారం సాయంత్రం సర్వర్ పడగొట్టిన రోజు గుర్తొచ్చింది... ఆ కథ వద్దులెండి.

ఇంకో వింత. లీ ఎన్‌ఫీల్డ్ చెవులు బోల్టు వెనక భాగంలో ఉంటాయి, కాబట్టి పేలినప్పుడు ఫ్రేము కాస్త వంగుతుంది. చూస్తే లోపమే. కానీ ఆ అదురు వల్ల నెమ్మదిగా వెళ్లే తూటా కాస్త ఎత్తు కోణంలో బయటికొస్తుంది, దూరం వెళ్లాక వేగంగా వెళ్లిన దానితో కలుస్తుంది. అందుకే ఇంగ్లండ్‌లో బిస్లీ పోటీల్లో 900, 1000 గజాల దగ్గర దీన్నే ఇష్టపడినవాళ్లున్నారు.

కాబట్టి నా తీర్పు మార్చుకుంటున్నా: హెడ్‌స్పేస్ గేజ్ ఫెయిలైతే తల మార్చాలి, అదీ ఆర్మరర్ చేతే. చేతికి లూజుగా అనిపించిందని బోల్టు మార్చడం డబ్బు దండగ.

మన రాష్ట్రం వెళ్లిన దారి కూడా అదే చెబుతోంది. 1989లో గ్రేహౌండ్స్ పెట్టినప్పుడు బోల్టు బిగించే ఆలోచన కాదు, మొత్తం ఆయుధమే మారింది. ప్రతి గుండుకీ చేత్తో బోల్టు లాగాల్సి రావడమే అసలు చిక్కు. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే 47ల ముందు త్రీనాట్‌త్రీలతో నిలబడ్డవాళ్లకు ఎంత టైటు బోల్టు ఇచ్చినా ఏం ఒరిగేది? ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి 2020 జనవరి 26న పరేడ్‌లో వీడ్కోలు చెప్పారు.

ఇదంతా చెప్పి, ఆ పెద్దాయనకు తిరిగి ఫోన్ చేశా. "తెరిచి ఊపినా సార్" అన్నా. గట్టిగా నవ్వి, "ఎలక్షన్ డ్యూటీల్లో రాత్రంతా ఆ చప్పుడుతోనే మేలుకొని ఉండేవాళ్లం లే" అన్నారు. పాత వీడియో డిలీట్ చేయలేదు. కింద మొదటి కామెంట్‌గా ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేశా.