సమీకరణాన్ని దాచాలా, చూపాలా?

1687లో న్యూటన్ ‘ప్రిన్సిపియా’ వెలువడినప్పుడు, దాన్ని చివరిదాకా చదవగలిగినవాళ్లు పండితుల్లోనూ అరుదే. లాటిన్ ఒక అడ్డు, కొరుకుడుపడని జ్యామితి మరో అడ్డు. 1738లో వోల్టేర్ గణితాన్ని చాలావరకు పక్కనపెట్టి ఆ భావాలను ఫ్రెంచి పాఠకులకు వినిపించాడు. ఆయన సహచరి ఎమిలీ ద్యు షాత్లే కష్టమైన దారి పట్టింది. గ్రంథాన్నంతా అనువదించి, న్యూటన్ జ్యామితిని కలన గణితంలో విప్పిచెప్పే వ్యాఖ్యానం చేర్చింది. అచ్చులో పూర్తి పుస్తకం వచ్చింది 1759లో, ఆమె పోయిన పదేళ్లకు. పేరు మాత్రం వోల్టేర్‌కే ఎక్కువ దక్కింది.

లండన్‌లో మైకేల్ ఫారడే కథ ఇంకా విచిత్రం. పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకుంటూ పెరిగిన ఆయనకు గణితం రాదు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ ఉపన్యాసాలతో పిల్లల్ని కట్టిపడేసిన ఆ మనిషే విద్యుదయస్కాంత బలరేఖలను ఊహించాడు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ వాటిని సమీకరణాల్లోకి దించాడు. అది చదివిన ఫారడే 1857లో ఆయనకు ఉత్తరం రాశాడు: తేలిన ఫలితాలను మామూలు మాటల్లోనూ అంతే స్పష్టంగా చెప్పకూడదా అని. తన ఆలోచనే తనకు చదవరాని లిపిలో తిరిగొచ్చిందన్నమాట!

ఐన్‌స్టయిన్ 1917లో సామాన్యుల కోసం రాసిన సాపేక్షతా పుస్తకంలో సమీకరణాలను దాచలేదు. అయితే అసలు నేర్పు 1985 నాటి ఫైన్‌మన్ పుస్తకం ‘క్యూఈడీ’లో కనిపిస్తుంది. గాజు ముందు తలం మీద పడ్డ కాంతి కణాల్లో నూటికి 4 వెనక్కి తిరుగుతాయి. వెనక తలమూ అంతే తిప్పితే మొత్తం 8 దాకా ఉండాలి. కాని గాజు మందాన్నిబట్టి అది 0 నుంచి 16 దాకా మారుతుంది. న్యూటన్‌నూ తికమకపెట్టిన చిక్కు ఇది. ఫైన్‌మన్ సంకీర్ణ సంఖ్యలు నేర్పే బదులు తలానికో బాణం గీశాడు, పొడవు 0.2. రెండూ ఒకే దిక్కు చూస్తే కలిపిన పొడవు 0.4; కాంతి వెనక్కి తిరిగే అవకాశం దాని వర్గం, 0.16, అంటే నూటికి 16. ఎదురెదురు దిక్కులైతే సున్నా. పాఠకుడు ఇక్కడ చేసేది నిఖార్సయిన క్వాంటం లెక్కే.

మూడేళ్లకు సామాన్యుల కోసం హాకింగ్ రాసిన పుస్తకం వచ్చింది. సమీకరణం ఒక్కోటి చేరినకొద్దీ అమ్మకాలు సగానికి పడిపోతాయని ఎవరో హెచ్చరించారట; E=mc² ఒక్కటే మిగిలింది. పుస్తకం కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది గనుక ఆ హెచ్చరికకు లేని విలువ వచ్చిపడింది.

2004లో పెన్‌రోజ్ వెయ్యి పేజీలకు పైబడిన పుస్తకాన్ని గణితంతో నింపి ఆ హెచ్చరికకు ఎదురెళ్లాడు. మామూలు పాఠకుడికి అది మోయలేని బరువే. 2022లో భౌతిక శాస్త్రవేత్త షాన్ కారల్ తన పుస్తకంలో పాఠకుడితో తేలికైన ఒప్పందం చేసుకున్నాడు: సమీకరణాన్ని సాధించనక్కర్లేదు, అందులో ఏ గుర్తు దేన్ని సూచిస్తుందో తెలిస్తే చాలు. ఆ షరతు మీదే పాఠకుణ్ణి ఐన్‌స్టయిన్ గురుత్వ సమీకరణం దాకా నడిపించాడు.