డిస్కు మనది, తాళం వారిది

ఛందస్సును విడిచి ఈ తెలుగు పంతులు కారు పందేల ఆటల వెంట పడ్డాడేమని ఆశ్చర్యపోకండి. సొమ్ము పోసి కొన్న వస్తువు ఎవరిదన్న ప్రశ్నకు ఆ ఆటల చరిత్రలో చక్కని నిదర్శనం కనబడింది.

1997 డిసెంబరులో జపానులో ప్లేస్టేషన్ కొరకు గ్రాన్ టురిస్మో వెలువడింది. కజునోరి యమౌచి బృందం రూపొందించిన ఆ ఆట సమస్తమూ డిస్కులోనే ఉండేది. గెలుపోటముల లెక్క చిన్న మెమరీ కార్డులో నిలిచేది. అంతర్జాలంతో నిమిత్తమే లేదు. పురుగు తినని తాళపత్రాన్ని నేటికీ చదువుకొన్నట్లే, గీతలు పడని ఆ డిస్కును నేటికీ ఆడుకొనవచ్చు.

2014 డిసెంబరులో యూబిసాఫ్ట్ వారి ద క్రూ వచ్చింది. అమెరికా దేశాన్ని కుదించి నిర్మించిన పటం మీద ఈ తీరం నుండి ఆ తీరం దాకా కారు తోలవచ్చు. డిస్కులు అంగళ్ళలో అమ్మారు. అయితే ఒంటరిగా ఆడుకొన్నా సంస్థవారి సర్వరుతో సంబంధం తప్పనిసరి. 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపివేశారు. డిస్కు చెక్కుచెదరలేదు, ఆట మాత్రం పోయింది.

దానికి రెండు నెలల ముందే, జనవరి 31న, 2017 నాటి గ్రాన్ టురిస్మో స్పోర్ట్ సర్వర్లూ ఆగాయి. కారు ఎంత జారాలో, చక్రం ఎంత తిరగాలో లెక్కగట్టేది ఇంట్లోని యంత్రమే అయినా, ఆ ఆటలో సాధించినదాన్ని భద్రపరచుకొనడానికి అంతర్జాలం కావలసి ఉండేది. ఆపడానికి ముందే 1.69 అనే సవరణను విడుదల చేసి ఆ ముడి విప్పారు. పరులతో పందేలు పోయాయి, ఒంటరి ఆట మిగిలింది. మనసుంటే సాధ్యమేనన్నమాట! (ఇందులోనూ మెలిక ఉన్నది. ఆ సవరణ డిస్కులో లేదు, విడిగా దించుకోవాలి.)

ద క్రూ మూతపడిన తరువాత రాస్ స్కాట్ అనే ఆయన 2024లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం లేవదీశాడు. ఐరోపా పౌరుల అర్జీకి 2025 జూలైలో సంతకాలు పది లక్షలు దాటాయి. యూబిసాఫ్ట్ వారు ద క్రూ 2ను అంతర్జాలం లేకుండా ఆడుకొనే వీలు కల్పిస్తామని 2024 సెప్టెంబరులో మాట ఇచ్చి, 2025 అక్టోబరులో నిలుపుకొన్నారు. మొదటి ఆట డిస్కు కొన్నవారికి మాత్రం వారి నుండి ఆ భాగ్యం దక్కలేదు.